నాస్తికుల మోకు

మైపాడు హేతువాద సంఘం సమావేశంలో హాజరు పిలిచారంటే, బయట రోడ్డు మీద పోయేవాళ్లు లోపల ఏదో పారాయణం జరుగుతోందనుకుంటారు. మాల్యాద్రి పేరు మాలకొండ స్వామిది. పెంచలకృష్ణ పేరు పెంచలకోన స్వామిది. హజరత్తయ్య పేరు వాళ్లమ్మ దర్గాలో మొక్కుకుని పెట్టింది. మౌలా అనే మాటకే ప్రభువని అర్థం. ఇక సంఘం పెట్టిన జయరామయ్య పేరులో రాముడితోపాటు ఆయన గెలుపు కూడా ఉంది. దేవుడు లేడని చెప్పుకోవడానికి ఇంతమంది దేవుళ్లు నెలకోసారి ఒకచోట చేరడం మన నెల్లూరు జిల్లాకే చెల్లింది. పేరు అమ్మానాన్నలు ప్రేమతో పెట్టింది, దాంతో మనకు తగువేం లేదు అనేవాడు జయరామయ్య. అనేవాడు అని చెప్పుకోవాల్సి వస్తోంది. ఆయన మొన్న ఎండాకాలంలో పోయాడు.

ఆయన భార్య ఉషారాణి, పల్లెల వెంట సూదిమందులు వేస్తూ, కాన్పులు చూస్తూ తిరిగి రిటైరైన నర్సమ్మ. గట్టి మనిషి. భర్త పోయిన రోజు ఆ గట్టిదనమంతా ఆమెకు అవసరపడింది. తన దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వాలని జయరామయ్య ముందే సంతకం చేసి పెట్టాడు, కర్మకాండలేవీ వద్దని నోటితోనూ చెప్పాడు. వచ్చిన చుట్టాలకు అది మింగుడు పడలేదు. ఆడబిడ్డ గుమ్మంలో కూలబడి, మా అన్నను దిక్కులేనివాణ్ని చేస్తుండావు గదే అని శోకాలు పెట్టింది. ఉషారాణి ఎదురు మాట్లాడలేదు, వెనక్కీ తగ్గలేదు. కాలేజీ వాళ్ల బండి వచ్చింది, ఆయన్ను తీసుకుపోయింది, అంతే.

అంతే అయిపోవడమే తర్వాత ఆమెకు కష్టమైంది. బూడిద లేదు, సమాధి లేదు, ఏడాదికోసారి నాలుగు కూరలు వండి పేరు తలుచుకునే తద్దినం లేదు. అవి లేకుండా ఉండాలని కోరుకున్నది తామిద్దరే. అయినా సాయంత్రం పూట గడప మీద కూర్చుంటే, ఆయన కోసం ఎక్కడికైనా పోయి కాసేపు కూర్చుని రావాలనిపించేది. పోవడానికి చోటు లేదు. ఆయనది అని చెప్పుకోవడానికి లోకంలో మిగిలింది ఒక్కటే, కార్తీక పున్నమినాటి మోకు.

మైపాడు సముద్రం చూడ్డానికి పెద్దమనిషి తరహాగానే ఉంటుంది గానీ నమ్మదగింది కాదు. కార్తీకంలో మరీను. వానలూ తుఫాను గాలులూ కలిసి దాని అడుగంతా కెలికి పెడతాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషిని మింగే గుంట ఉంటుంది. సరిగ్గా ఆ నెలలోనే, పున్నమి పొద్దున, ఆటోల్లో ట్రాక్టర్లలో బస్సుల్లో జనం వచ్చి సముద్ర స్నానానికి దిగుతారు. ఈత వచ్చినవాళ్లు తక్కువ, భక్తి ఉన్నవాళ్లు ఎక్కువ.

జయరామయ్య ఆర్టీసీలో కండక్టరుగా ఉన్న రోజుల్లో ఒక పున్నమికి సంఘం తరఫున కరపత్రాలు అచ్చేయించుకుని ఒడ్డున నిలబడ్డాడు. నీళ్లలో మునిగితే పాపాలు పోవు అనేది వాటి సారాంశం. చీర కుచ్చెళ్లు ఎగదోపుకున్న ఒక పెద్దావిడ కరపత్రం తీసుకుని, చదివి చెప్పమని ఆయనకే తిరిగి ఇచ్చి, మొత్తం ఓపిగ్గా విని, పాపాలు పోకపోతే మానె నాయనా, మనిషి పోకుండా మునగాలంటే ఏ పక్క దిగాల్నో అది చెప్పు అనిందట. దానికి ఆయన దగ్గర కరపత్రం లేదు. ఆ పొద్దంతా ప్యాంటు మడుచుకుని నీళ్లలో నిలబడి, ఈ పక్క దిగండి, ఆ పక్క వద్దు అని గొంతు పోయేలా అరిచాడు. మరుసటి ఏడు కరపత్రాల కోసం పోగైన చందాతో పడవలకు కట్టే లావుపాటి మోకు కొనుక్కొచ్చాడు.

అప్పటినుంచీ అదే పద్ధతి. ఒడ్డున ఇసుకలో రెండు సరుగుడు గుంజలు పాతి, మోకు రెండు కొసలూ వాటికి కట్టి, నడిమి భాగాన్ని రొమ్ము లోతు దాకా నీళ్లలోకి సాగదీస్తారు. తేలడానికి మధ్యమధ్య ఖాళీ నూనె డబ్బాలు కడతారు. దాని వెంబడి సంఘం వాళ్లు వరసగా నిలబడి పట్టుకుంటారు, ఒకరు సముద్రం వైపు తిరిగి, పక్కవారు మనుషుల వైపు తిరిగి. సముద్రం వైపున్నవాళ్లు పెద్ద అల వస్తుంటే కేకేస్తారు. మనుషుల వైపున్నవాళ్లు మునిగినవాళ్లు లేచారో లేదో చూస్తారు. స్నానాలన్నీ మోకు లోపలే జరగాలి. జయరామయ్య మెడలో పాత కండక్టరు విజిల్ ఉండేది. బస్సులో జీవితమంతా ముందుకు జరగండి అని అరిచిన మనిషి ఇక్కడ వెనక్కి జరగండి అని అరిచేవాడు. వచ్చేవాళ్లు ఆయనకు ఈల సామి అని పేరు పెట్టుకున్నారు. సామి కాదమ్మా, జయరామయ్య అని ఆయన సరిదిద్దేవాడు. అట్నే సామీ అని వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

ఇందులో తమాషా ఏమిటంటే, భక్తులు మూడు మునకలేసి వణుక్కుంటూ గట్టెక్కుతారు. నాస్తికులు వేకువ నుంచి ఎండెక్కేదాకా నీళ్లలోనే నానుతారు. పున్నమి స్నానంలో నిజంగా పుణ్యమంటూ ఉంటే జిల్లాలో దాన్ని ఎక్కువ మూటగట్టుకున్నది వీళ్లే. ఏటా ఈ మాట అని వాళ్లను ఉడికించేది సుల్తాన్‌బీ. ఆమె మౌలా భార్య. పడవ ఇంజన్లు బాగుచేసే మౌలా షెడ్డులోనే సంఘం నెలనెలా కూడేది. సుల్తాన్‌బీ అయిదు పూటలా నమాజు చదువుతుంది, నాస్తికులకు టీ కాస్తుంది, రెండింటిలోనూ లోటు రానివ్వదు. దేవుడు లేడని చెప్పుకోండి గానీ టీ చల్లారకముందే చెప్పుకోండి అంటుంది.

ఈ ఏడు పున్నమికి ముందు ఆదివారం ఆమె పెట్టిన టీ గ్లాసులు చాలా మిగిలిపోయాయి. కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో పనిచేసే కుర్రవాళ్లు బదిలీల మీద పోయారు. పెంచలకృష్ణ మోకాళ్లకు ఆపరేషనైంది. హజరత్తయ్యకు కంటిపొర తీశారు, ఉప్పునీళ్లు తగలకూడదు. ఒకతను పెళ్లి చేసుకుని ఈ ఏడు అయ్యప్ప మాలే వేసుకున్నాడు, అతని సంగతి ఎవరూ ఎత్తరు. నీళ్లలో నిలబడగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కకొచ్చారు. వీళ్లందరినీ ఫోన్లు చేసి, ఇళ్లకు పోయి, బతిమాలి కూడగట్టే మనిషి జయరామయ్య. ఆయన పోయాక గానీ ఆ పని ఎంత పెద్దదో ఎవరికీ తెలియలేదు.

దానికి తోడు, ఒడ్డున బందోబస్తు చూసే ఎస్సై ముందుగానే ఒక మాట చెప్పి పంపాడు. సంఘమంటే మర్యాద ఉన్నవాడే. తాడు కనిపిస్తే జనం ధైర్యంగా లోపలికి పోతారు, పట్టుకునే మనుషులు లేని తాడు అసలు తాడు లేకపోవడం కన్నా ప్రమాదం, చాలినంతమంది లేకపోతే ఈసారికి మానుకోండి అన్నాడు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఈసారి మానుకుంటే ఇక ఎప్పటికీ మానుకున్నట్టేనని ఉషారాణికి తెలుసు. మోకు ఈ షెడ్డు మూలన పడి ఎలకల పాలవుతుంది. ఆయన కోసం పోవడానికి ఉన్న ఆ ఒక్క చోటూ లేకుండా పోతుంది. ఈ మాట ఆమె పైకి అనలేదు. ఏదో ఒకటి చేసి మోకు దించాల్సిందే అని మాత్రం అంది.

అప్పుడే పోలేరయ్య వచ్చాడు. సముద్రం మీద బతికే పాలెం జనానికి ఆయన పెద్ద, ఆయన మాటంటే అందరికీ గురి. చెప్పులు బయటే విడిచి, షెడ్డు గడప దగ్గరే నిలబడి, సంఘానికి మనుషులు తక్కువయ్యారని విన్నానని, పాలెంలో వయసు పిల్లల్ని పంపిస్తానని చెప్పాడు. ఉషారాణికి ప్రాణం లేచొచ్చింది. అయితే ఆయన అక్కడితో ఆపలేదు.

"ఒక్క మాటుండాది ఉషమ్మా. మావోళ్లు వలైనా మోకైనా ఆ ఏటికి తొలిసారి నీళ్లలోకి దించేటప్పుడు ఇంత కర్పూరం ఎలిగించి దించుతారు. అది లేకుండా పట్టుకోమంటే పట్టుకోరు. నేను చెప్పినా వినరు."

మాల్యాద్రి లేచి నిలబడ్డాడు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, నిలబడితే పీరియడు అయ్యేదాకా కూర్చోడు. ఇవాళ కర్పూరం అంటారు, రేపు కొబ్బరికాయ అంటారు, ఎల్లుండి ఆ గుంజకే పసుపు పూసి గుడి కట్టేస్తారు, జయరామయ్య ఒకసారి ఎవరో గుంజకు కట్టిన నిమ్మకాయను తన చేత్తో విప్పి పారేశాడు, అది మరిచిపోయామా అని చాలాసేపు మాట్లాడాడు. మౌలా ఇంజన్ నూనె అంటిన చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"కర్పూరం ఎలిగిస్తే ఏమవుద్ది అన్నా," అన్నాడు. "ఆరిపోద్ది."

అందరూ ఉషారాణి వైపు చూశారు. ఆమెకు గుమ్మంలో శోకాలు పెట్టిన ఆడబిడ్డ గుర్తొచ్చింది. తోడబుట్టినవాళ్లు, కలిసి తిరిగినవాళ్లు అందరూ ఒక వైపు నిలబడి అడిగితే, ఆ మనిషి దేహం ముందు అగరొత్తి కూడా వెలిగించనివ్వలేదు తను. అంత చేసి, ఇప్పుడు ఆయన మోకుకు కర్పూరం వెలిగిస్తే ఆ రోజు పడిన బాధంతా ఎందుకు పడినట్టు?

"వొద్దు పోలేరయ్యన్నా," అంది. "ఆయన మోకు ఆయన పద్ధతిలోనే దిగాల."

పోలేరయ్య కోప్పడలేదు. సరేమ్మా, నీ ఇష్టం అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మాల్యాద్రి ఆమెను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఆమెకు రుచించలేదు. నిజానికి ఇలాంటి తప్పు చేయడం నాస్తికులకే సాధ్యం. భక్తులైతే పైనున్నాయన ఏదోలా సర్దుకుంటాడులే అని సర్దుకుపోతారు. వీళ్లకు పైన సర్దుకునే ఆయన లేడు, అంతా వీళ్లే నిలబెట్టుకోవాలి. అలా నిలబెట్టుకునే ధాటిలో, సాయానికి వచ్చిన చేతుల్ని కాదనుకున్నారు.

పున్నమినాడు తూర్పు తెల్లబడుతుండగానే మోకు దిగింది. నెల్లూరు నుంచి స్కూటీ మీద వచ్చిన రేవతి, బ్యాంకులో పని ఆమెకు, ఒక చివర దగ్గర నిలబడింది. మౌలా అందరికన్నా లోతులో నిలబడ్డాడు. మాల్యాద్రి పంచె బిగించి సముద్రం వైపు తిరిగాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు. ఒకరికీ ఒకరికీ నడుమ బస్సు పోయేంత జాగా ఉంది. విజిల్ ఉషారాణి మెడలో ఉంది గానీ, ఊదబోతే ఊపిరి సగంలోనే తెగిపోయింది. ఎస్సై చూద్దామన్నట్టు ఒడ్డున నిలబడ్డాడు.

జనం మాత్రం ఏ ఏడూ లేనంతగా వచ్చారు. అరటి దొప్పల్లో దీపాలు నీళ్ల మీద వదులుతున్నారు, అవి అలల దెబ్బకు తిరిగి కాళ్ల దగ్గరికే వస్తున్నాయి. చన్నీళ్లు తగిలి పిల్లలు కేకలు పెడుతున్నారు. హర హర అంటూ ఒక గుంపు, గోవిందా అంటూ ఇంకో గుంపు. ఇంతలో పెద్ద అల ఒకటి లేచింది. మాల్యాద్రి అరిచాడు. అల మోకును ఎత్తి, మనుషులు లేని చోట నేల దాకా జార్చింది. నడివయసు ఆడమనిషి ఒకావిడ దాని మీదుగా అవతలికి జారిపోయింది. రేవతి చేయి సాచి జడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో అందరికీ తెలుసు. ఆవిడ దగ్గుతూ, దేవుడికి దండాలు పెట్టుకుంటూ గట్టెక్కింది.

ఎస్సై విజిల్ ఊది చేత్తో సైగ చేశాడు. తాడు తీసేయండి, స్నానాలు మోకాలి లోతు వరకే అని మైకులో చెప్పించాడు. ఉషారాణి వాదించలేదు. మాల్యాద్రి తల దించుకుని ఉన్నాడు. ఆ రోజు షెడ్డులో తను ఒక్క మాట ఇంకోలా అని ఉంటే ఈ జాగాలన్నీ నిండి ఉండేవని ఆమెకు బాగా తెలుస్తోంది. మీ మోకు నేను పట్టలేకపోయానయ్యా అని లోపలే అనుకుంది. వినేవాళ్లు ఎవరూ లేరని తెలిసీ అనుకుంది. కళ్లలో ఉప్పునీళ్లు ఏవి సముద్రానివో ఏవి తనవో తెలియలేదు. చేతిలో ఉన్న చోటి నుంచి మోకును ఒడ్డు వైపు లాగడం మొదలుపెట్టింది.

కొంచెం దూరం వచ్చి మోకు ఆగిపోయింది. అవతల ఎవరో గట్టిగా పట్టుకుని ఉన్నారు. నడుం లోతులో, తడిసిన నేతచీరలో, ముసలామె. మనుబోలు దగ్గర పల్లె, పేరు ఆదిశేషమ్మ, ఊడ్పులకు కోతలకు పోయే మనిషి. ఈ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం వదలమంటే వదలని మనిషి.

"ఏందమ్మా లాగేస్తుండారు? మావోళ్లు ఇంకా మునగలా."

పట్టుకునేవాళ్లు చాలలేదని, పోలీసులు తీసేయమన్నారని ఉషారాణి చెప్పింది. ఆదిశేషమ్మ అటూ ఇటూ చూసింది.

"ఈల సామి యాడమ్మా? పొద్దున్నించీ ఈల ఇనపళ్లా."

"లేరమ్మా. ఎండాకాలంలో పోయినారు."

ఒక అల వచ్చి ఇద్దరి భుజాల దాకా తడిపి పోయింది. నువ్వు ఆయనకు ఏమవుతావని అడిగింది ఆదిశేషమ్మ. భార్యను అని చెప్పింది ఉషారాణి. ముసలామె ఆమె చేయి మీద చేయి వేసింది. ఒక ఏడు గుంటలో పడితే ఆ సామే తన జుట్టు పట్టి పైకి లాగాడని, ఒడ్డున దండం పెట్టబోతే నాకెందుకు పెడతావని తిట్టాడని, ఆ తిట్టు తలుచుకుని ఊళ్లో ఇప్పటికీ నవ్వుకుంటారని చెప్పింది. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదింది.

"పట్టుకునేదానికి మనుషులు లేరంటావేందమ్మా," అంది తర్వాత. "ఇంతమందిమి ఉండామే."

వెనక్కి తిరిగి తన ఊరివాళ్లను కేకేసింది. మునిగినోళ్లు గట్టెక్కబాకండి, వచ్చి మోకు పట్టుకోండి, మిగతావోళ్లు మునిగేదాకా ఇడవబాకండి అని. నాట్లప్పుడు గట్టు మీద నుంచి పిలిచే గొంతు అది, సముద్రం హోరు దానికి ఒక లెక్క కాదు. మనుబోలు నుంచి వచ్చిన ఆడవాళ్లు చీరలు బిగించి వచ్చి మోకు మీద చేతులేశారు. బురదలో వరసగా నిలబడటం పుట్టినప్పటినుంచీ అలవాటైనవాళ్లు. వాళ్లను చూసి పక్క గుంపు వచ్చింది. ఎవరని అడిగినవాళ్లు లేరు. ఉషారాణి వెంటనే తేరుకుంది. వరస వెంట నడుస్తూ, నువ్వు సముద్రం వైపు తిరుగు, నువ్వు మనుషుల వైపు తిరుగు అని ఒక్కొక్కరినీ భుజం పట్టి తిప్పింది. ఈసారి విజిల్ ఊదితే ఒడ్డు దాకా వినిపించింది.

మాల్యాద్రికి ఎడమ పక్క విభూతి రేఖల పెద్దాయన, కుడి పక్క తులసిమాలల ముసలామె చేరారు. ఇద్దరూ చెరో దేవుణ్ని గొంతెత్తి తలుచుకుంటున్నారు. నడుమ మాల్యాద్రి, అల వస్తే అల అని, పోతే పోయిందని అరుస్తున్నాడు. ఉషారాణి అటు పోయినప్పుడు, వీళ్లకు పట్టు బాగా ఉందమ్మా అని ఆమె చెవిలో చెప్పాడు. ఆయన నోటి నుంచి భక్తుల గురించి వచ్చిన మొదటి మంచిమాట అదే కావచ్చు.

అయితే నడిమి లోతులో మౌలా ఒక్కడే ఉన్నాడు. అక్కడ ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నీళ్లు మెడ దాకా వస్తాయి, నిలబడలేరు. ఉషారాణి ఒడ్డు వైపు చూసింది. పోలేరయ్య అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, వెనక పాలెం మగపిల్లలు. ఆమె అడగాలా వద్దా అని తటపటాయిస్తుండగానే ఆయన చొక్కా విప్పి ఇసుకలో పడేసి నీళ్లలోకి దిగాడు. వాళ్లంతా ఆయన వెంట దిగారు. అలల్ని చీల్చుకుంటూ నేరుగా నడిమికి వచ్చి, మౌలాకు అటూ ఇటూ మోకు అందుకున్నారు.

"కర్పూరం మా ఇంటి కాడే, మా చేతుల మీద ఎలిగించుకోని వచ్చినాంలే ఉషమ్మా," అన్నాడు పోలేరయ్య. "నీ మోకుని తాకనీలా."

ఉషారాణి ఆయన వైపు జరిగింది. ఆ రోజు నేను అన్నదానికి అని ఏదో చెప్పబోయింది. అల చూడమ్మా అల అని ఆయన మాట తప్పించాడు. ఎస్సై ఆ తర్వాత ఒడ్డున విజిల్ ఊదలేదు. మైకులో, తాడు లోపల మాత్రమే స్నానాలు చేయాలి అని చెప్పించాడు.

పొద్దెక్కే కొద్దీ జనం వస్తూనే ఉన్నారు. మునిగినవాళ్లు మోకు పట్టుకుంటున్నారు, వాళ్లు అలిసిపోతే తర్వాత మునిగినవాళ్లు అందుకుంటున్నారు. మోకు మీద చోటు ఖాళీ కావడం లేదు. సుల్తాన్‌బీ ఒడ్డున పెద్ద గిన్నెలో టీ పెట్టి, గట్టెక్కినవాళ్లకు ఏ ఊరు, ఏ దేవుడు అని అడక్కుండా పోస్తోంది. ఉషారాణి ఈ వరసంతా చూసింది. మేలు జరిగినప్పుడు భక్తులకు ఒక సుఖం ఉంది, పైకి చూసి ఒక్క దండం పెడితే లెక్క తీరిపోతుంది. నాస్తికులకు ఆ సుఖం లేదు. చేసినవాళ్లను వెతుక్కుని ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇంతమందికి ఎలా చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. తెలియకపోయినా గుండె నిండుగా ఉంది. ఎండాకాలం నుంచీ బిగబట్టి ఉన్నదేదో ఆ నీళ్లలో మెత్తబడింది. ఈ ముఖాలన్నీ గుర్తుపెట్టుకోవాలని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది.

సూర్యుడు బాగా పైకి వచ్చాక మనుబోలు ఆటోవాడు ఒడ్డు మీద నుంచి రమ్మని కేకలేశాడు. ఆదిశేషమ్మ ఊరివాళ్లు ఒక్కొక్కరే మోకు పక్కవాళ్లకు అప్పగించారు. ఆదిశేషమ్మ మాత్రం కదల్లేదు. వేకువ నుంచి నీళ్లలో ఉండి ఆమె వేళ్లు ముడతలు పడి తెల్లగా అయిపోయాయి. ఉషారాణి దగ్గరకు జరిగి, అడగనా వద్దా అని కాసేపు నలిగింది.

"ఒక మాట అడగతా, కోప్పడబాక," అంది. "మా ఆయన పేరున ఒక మునక ఏసినా, మా అమ్మ పేరున ఒకటేసినా. సామి పేరున గూడా ఒకటి ఎయ్యాలనుండాది. ఆయనకు ఇట్టాంటియి గిట్టవని తెలుసు. నువ్వు వొద్దంటే ఎయ్యను."

పక్కనే ఉన్న మాల్యాద్రికి వినిపించింది. ఆయన సముద్రం వైపే చూస్తూ ఉండిపోయాడు. ఈ మునక జయరామయ్యకు చేరదని ఉషారాణికి ఏ అనుమానమూ లేకుండా తెలుసు. చేరడానికి ఆయన ఎక్కడా లేడు. ఆయనే ఉంటే, మునిగితే ఏమొస్తుంది తల్లీ, జలుబొస్తుంది అని ఉండేవాడు. కానీ పొద్దున్నుంచీ ఈ ముసలామె పట్టుకుని నిలబడింది ఆయన మోకునే. ఆమె పద్ధతిలో ఆమె దగ్గరున్నది ఇదొక్కటే, దాన్ని కూడా అడిగి ఇస్తోంది. తన గుమ్మంలో అంతమంది హక్కుగా గొడవపడ్డారు గానీ, ఇలా అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఎయ్యమ్మా," అంది ఉషారాణి. "నేను పట్టుకోనుంటా."

ఆదిశేషమ్మ మోకు వదిలి, కొంగు బిగించి, జయరామయ్య పేరు అడిగి తెలుసుకుని, రెండుసార్లు పలికి సరిచూసుకుంది. ఒడ్డుకు పోతున్న మనుబోలు వాళ్లు అది విని వెనక్కి వచ్చారు. ఏం సంగతని పక్కవాళ్లు అడిగారు, వాళ్లు ఇంకో పక్కవాళ్లకు చెప్పారు. మోకు లోపల ఎక్కడెక్కడి వాళ్లో, ఎప్పుడో ఒక ఏడు ఆ ఈల విన్నవాళ్లు, నీళ్లలో సర్దుకుని నిలబడ్డారు. మౌలా, రేవతి, మాల్యాద్రి, పోలేరయ్య మనుషులు చేతులు బిగించారు. జయరామయ్య పేరున అని ఆదిశేషమ్మ పైకే అని ముక్కు మూసుకుని మునిగింది. ఆమె వెంట అందరూ మునిగారు.

వాళ్లు లేచి ముఖాల మీది నీళ్లు తుడుచుకుంటుంటే ఉషారాణికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఆ చేతులు మోకు మీద ఉన్నాయి. ఆమె వదల్లేదు.